ఆకాశరామన్న వేలిముద్ర

పోయిన వారం మీరా సాహెబ్‌ని ఓవర్సీరు గది గుమ్మంలో నిలబెట్టి వెళ్ళిపోయానని నలుగురైదుగురు పాఠకులు కార్డులు రాశారు. ఒకాయనైతే, ఆ పెద్దమనిషిని వారం రోజులు అలా నిలబెడితే మోకాళ్ళు పట్టెయ్యవా అని నన్ను కేకలేశారు. ఆయన కోపం న్యాయమే. కానీ సాహెబ్ మోకాళ్ళు బాగానే ఉన్నాయండీ. చెడ్డవల్లా చేతులే.

ఈ వారమే పత్రిక పట్టుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు నడుస్తాను. ఇది ముప్ఫయ్యారో సంవత్సరం, పుష్యమాసపు మాట. గుడ్లవల్లేరుకి దిగువన, బందరు వైపు పోయే కాలవ మీద కొత్తలాకు అని ఒకటుంది. ఎగువ నీళ్ళకీ దిగువ నీళ్ళకీ అక్కడ ఆరడుగుల తేడా. పడవని తొట్టిలోకి రానిచ్చి, తలుపులు మూసి, అడుగునున్న ఇనపపలక ఎత్తితే నీళ్ళు బయటికి పోయి పడవ మెల్లగా కిందికి దిగుతుంది. తర్వాత మళ్ళీ ఆ పలక దించాలి. ఎత్తడానికీ దించడానికీ ఒక పళ్ళచక్రం, దానికో ఇనపపిడి. ఇరవయ్యారేళ్ళుగా ఆ పిడి తిప్పుతున్న లస్కరు మన మీరా సాహెబ్.

నాలుగేళ్ళ నుంచి ఆయన వేళ్ళకి కీళ్ళవాతం. మధ్యాహ్నం చూస్తే ఆ చేతులకేమీ తక్కువ లేదు, ధాన్యం బస్తా ఎత్తమన్నా ఎత్తుతాయి. తెల్లవారి లేచేసరికి మాత్రం పిడికిలి పడదు. చొక్కా గుండీలు భార్య మైమూనా పెట్టాల్సిందే. ఆవిడ రోజూ చీకటితో లేచి వావిలాకు నీళ్ళు కాస్తుంది, ఊకకుంపటి రాజేస్తుంది. ఆ వేడిలో చేతులు పెట్టుకుని కూర్చుంటే, బారెడు పొద్దెక్కేసరికి వేళ్ళు ఒక్కొక్కటే మాట వింటాయి. ఈలోగా పడవ వస్తే? పడవవాళ్ళు మంచివాళ్ళు. అల్లంత దూరాన తాళ్ళవంపు దగ్గరే బూర ఊదుతారు. సాహెబ్ చేతులు అప్పటికీ లొంగకపోతే, పొద్దున్నే మొదటి పడవ తెచ్చే బాబూరావు గట్టు మీదికి గెంతి తనే పిడి తిప్పేస్తాడు. ఈ సంగతి కాలవ మొత్తానికి తెలుసు, పైవాళ్ళకి తప్ప.

అలా సాగిపోయేదే. కానీ పది రోజుల కిందట పిడి జారింది. ఎత్తేటప్పుడు భయం లేదు, కొక్కెం ఒకటి పళ్ళలో పడుతూ చక్రాన్ని ఆపుతూ ఉంటుంది. దించేటప్పుడే ఆ కొక్కెం తప్పించి, పలక బరువంతా చేతులతో ఆపుకుంటూ వదలాలి. ఆ పొద్దున సాహెబ్ వేళ్ళు వదిలేశాయి. పిడి గిర్రున తిరిగి, పక్కన ఆనించిన బాబూరావు పడవగెడని రెండు ముక్కలు చేసింది. అది గెడ కాబట్టి సరిపోయింది. బాబూరావు ఆ ముక్కల్ని పొయ్యిలో పెట్టి, నోరు మూసుకున్నాడు.

ఆ తర్వాత కొత్త ఓవర్సీరు ఉమామహేశ్వరరావు గారు సైకిలు మీద వచ్చి సాహెబ్‌ని గదిలోకి పిలిపించారు. మనం ఆపింది అక్కడ.

ఓవర్సీరు గారికి పాతికేళ్ళు. కాలవల గురించి కాలేజీలో చదువుకుని వచ్చాడు గానీ, చక్రం పట్టిన చెయ్యి కాదు. ఆయన బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కనే పరిచి, వాటి వంక పదిసార్లు చూసి, చివరికి సాహెబ్‌ని చదవమన్నాడు. చదువు రాదని సాహెబ్ చెప్పుకున్నాడు. అప్పుడు ఆయనే చదివి వినిపించాడు.

ఒకటి ఆరుగురు పడవవాళ్ళ సంతకాలతో ఉంది. కొత్తలాకు లస్కరంతటి సమర్థుడు ఈ కాలవ మీద లేడని, ఆయన్ని కదపవద్దని ప్రార్థన. రెండోదానికి పేరు లేదు, ఊరు లేదు. అదే లస్కరు చేతులు పాడైపోయాయని, పిడి జారుతోందని, ఒక ప్రాణం పోకముందే ఆయన్ని ఆ పనిలోంచి తప్పించమని ప్రార్థన. ఓవర్సీరుని తికమక పెట్టింది మాటలు కాదు, దస్తూరీ. రెండింటిదీ ఒకే రాత, ఒకే సిరా. కింద "ప్రార్థించుచున్నాము" అన్నచోట తోకలు తిప్పిన తీరు కూడా ఒకటే.

"ఒకే మనిషి నువ్వు గట్టివాడివంటాడు, పనికిరానివాడివంటాడు. నేనెవరి మాట నమ్మాలి సాహెబూ? పైగా ఇది చూడు. ఆకాశరామన్న అర్జీ రాసేవాడు పేరు దాచుకుని వేలిముద్ర వేస్తాడా ఎక్కడైనా?"

అంటూ ఆయన రెండో కాగితం అడుగుభాగం చూపించాడు. నిజంగానే అక్కడ నల్లగా ఒక బొటనవేలు. సాహెబ్‌కి అక్షరాలు రావు గానీ ఆ వేలు చదవడం వచ్చు. ముద్ర మధ్యలో ఐమూలగా ఒక తెల్లటి గీత. పెళ్ళయిన ఏడాది, కత్తిపీట మీద చేపలు కోస్తుంటే తెగిన గాటు. ఆ వేలికి పసుపు అద్ది గుడ్డ కట్టింది తనే.

సాహెబ్‌కి ఒక్కసారిగా ఏమీ అర్థం కాలేదు. పోల్చుకున్నానని చెప్పలేదు, పోల్చుకోలేదనీ చెప్పలేదు. ఓవర్సీరు ఇంకేదో అంటుంటే చిత్తం చిత్తం అన్నాడు. ఓవర్సీరు అన్నదల్లా ఇదీ: ఎల్లుండి పొద్దున్న ఆరింటికి మొదటి పడవకి సాహెబ్ ఒక్కడే పలక ఎత్తి దించాలి. పడవవాళ్ళెవరూ చెయ్యి వెయ్యకూడదు. చెయ్యగలిగితే ఈ పేరులేని కాగితం చెల్లదని రాసేస్తాడు. లేకపోతే వారం తిరిగేలోగా లస్కరు ఇల్లు ఖాళీ చెయ్యాలి.

మధ్యాహ్నం అని ఉంటే సాహెబ్ నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళేవాడు. ఆరింటికి అన్నాడు.

చుట్టుపక్కల మూడూళ్ళకి అర్జీలు రాసేది శేషాచలం మాస్టారొక్కరే. బళ్ళో ఉద్యోగం మానేసి పన్నెండేళ్ళయినా మాస్టారే. నాకు ఈయన మీద కొంచెం కోపం ఉంది, దాచుకోను. అన్నదమ్ములు దావా వేసుకుంటే ఇద్దరి అర్జీలూ ఈయనే రాస్తాడు, ఇద్దరివీ బాగా రాస్తాడు. పైగా అడిగితే అది ధర్మమంటాడు. సాహెబ్ వెళ్ళేసరికి మాస్టారు అరుగు మీద కూర్చుని కలం పాళీ కడుక్కుంటున్నారు. సాహెబ్‌ని చూడగానే ఆ పాళీని మరోసారి కడిగారు.

ఎవరు రాయించారో చెప్పనని ముందే చెప్పేశారు. నలభై ఏళ్ళలో ఎవరి సంగతీ ఎవరికీ చెప్పలేదట. సాహెబ్ ఆ ప్రశ్న అడగనే లేదు. ఎవరో తనకి తెలుసన్నాడు. తనని గురించి ఆ రెండు మాటలూ ఒకే చేత్తో ఎలా రాయగలిగారో అది మాత్రం చెప్పమన్నాడు.

"రెండూ నిజమే కదయ్యా. పొద్దున్న నువ్వొక మనిషివి, మధ్యాహ్నం నువ్వొక మనిషివి. నేను ఇద్దరి గురించీ రాశాను."

సాహెబ్‌కి ఇందులో తప్పు పట్టడానికేమీ దొరకలేదు. ఆ దొరక్కపోవడమే ఆయనకి మరింత కష్టమనిపించింది. పేరు వద్దన్నవాళ్ళ చేత వేలిముద్ర ఎందుకు వేయించారని అడిగాడు. ఈసారి మాస్టారు తల వంచుకున్నారు. కింద వేలో సంతకమో లేని కాగితం ఆయన చేతిలోంచి ఏనాడూ బయటికి పోలేదు. రాయడం అయింది, చెయ్యి అలవాటు కొద్దీ సిరాబుడ్డి జరిపింది, ఎదుటి మనిషి అలవాటు కొద్దీ వేలు చాపింది. కవరు టపా డబ్బాలో వేశాక గానీ ఇద్దరికీ తట్టలేదు. డబ్బాలో చెయ్యి పెట్టి తీద్దామని కూడా చూశారట, చెయ్యి పట్టలేదట. ఆ మాట చెప్పేటప్పుడు మాస్టారు ఎంత దిగులుగా ఉన్నారంటే, సాహెబే ఆయనకి ఫరవాలేదులెండని చెప్పి లేచాడు. ఇదీ మా సాహెబ్.

ఇల్లు లాకు పక్కనే, రెండు గదులు. మైమూనా పెరట్లో వావిలి రెమ్మలు దూస్తోంది. ఆవిడ కోడూరు వైపు పడవవాళ్ళ ఆడపడుచు. నీళ్ళ మీద పుట్టి పెరిగింది, తాళ్ళూ ముళ్ళూ మగవాళ్ళకంటే బాగా తెలుసు. మనిషి నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది, రెండూ ఒకేసారి నడుస్తుంటాయి. సాహెబ్ ఎదురుగా గొంతుక్కూర్చుని ఆవిడ కుడిచేయి తన ఒళ్ళోకి తీసుకున్నాడు. బొటనవేలు తిప్పి చూశాడు. గోరు సందులో సిరా నలుపు ఇంకా ఉంది.

ఆవిడ చెయ్యి లాక్కోలేదు. ఏడవలేదు కూడా. తనే రాయించానంది. బాబూరావు గెడ విరిగిన సంగతి ఆ మర్నాడే వాళ్ళ ఆవిడ చెప్పిందట. అప్పటినుంచి లాకులో చక్రం చప్పుడైనప్పుడల్లా తన గుండె ఆగిపోతోందట.

"ఉద్యోగం పోతే బతుకుతామయ్యా. మా అన్నలున్నారు, వలలు అల్లుకుంటాను. నీ చేతిలోంచి జారి ఎవడన్నా పోతే మాత్రం నువ్వు బతకవు. నీ సంగతి నాకు తెలీదూ?"

సాహెబ్‌కి కోపం వచ్చింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో రానంత కోపం. ఈ ఇల్లు పోతుందని తెలియదా అన్నాడు. లస్కరు కాకపోతే తనెవరని అడిగాడు. పొద్దున్నే కుంపటి రాజేసి ఆ చేతుల్ని పనికి పంపేది ఎవరు, అవే చేతులు పనికిరావని కాగితం రాయించేది ఎవరు, ఈ ఇంట్లో ఇద్దరు మైమూనాలు ఉన్నారా అన్నాడు. ఆ పడవవాళ్ళే నయం, పరాయివాళ్ళయినా తన పక్షాన సంతకాలు పెట్టారన్నాడు.

అప్పుడు మైమూనా వావిలి రెమ్మ కింద పెట్టింది.

"అదీ నేనే రాయించాను."

పేరులేని అర్జీ వెళ్ళిన నాలుగో రోజున, సాహెబ్ మధ్యాహ్నపు ఎండలో చక్రానికి ఆముదం పూసుకుంటూ ఏదో కూనిరాగం తీస్తున్నాడట. ఆవిడ గుమ్మంలోంచి చూసింది. ఈ మనిషి నుంచి ఆ చక్రాన్ని లాగేస్తే ఇంక మిగిలేదేమిటని భయం పుట్టింది. వెంటనే చెంగు బిగించుకుని మాస్టారి దగ్గరికి పరుగెత్తింది. పడవవాళ్ళ పేరుతో ఇంకోటి రాయించి, బాబూరావుని వెంటబెట్టుకుని పడవ పడవకీ తిరిగి సంతకాలు పెట్టించింది. పేరులేనిదాన్ని వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలియక, దాని మీద ఇంకోటి పంపితే సరిపోతుందనుకుంది. గట్టు మీద ఎవరి విషయంలోనైనా ఆవిడకి బోలెడు తెలివుంది. తన మొగుడి విషయంలో ఆ తెలివి ఏమైపోయిందో నాకూ తెలియదు.

ఆయన అడిగాడు: ఇంతకీ నీకేం కావాలి? పని ఉండాలా, పోవాలా?

పొద్దున్న లేచినప్పుడు పోవాలనిపిస్తుందంది. మధ్యాహ్నం ఉండాలనిపిస్తుందంది. తనకీ తెలియడం లేదంది. ఆ మాటతో సాహెబ్ కోపం ఎటో పోయింది. కోపం పోయాక లోపల ఏం మిగిలిందో ఆయనకి అంతుపట్టలేదు. ఇద్దరూ కూర్చుని మిగతా ఆకు దూశారు.

బుధవారం పొద్దున్న మంచు కురుస్తోంది. నాలుగింటినుంచీ చేతులు కుంపటి మీదే ఉన్నాయి. అయిదున్నరకి తాళ్ళవంపు దగ్గర బాబూరావు బూర వినిపించింది. రోజూకంటే ముందుగానే ఊదాడు పాపం. సాహెబ్ పిడికిలి పట్టి చూశాడు. వేళ్ళు సగం దాకా ముడుచుకుని ఆగిపోయాయి. కుడిచేతి చూపుడువేలు అసలు కదలనే లేదు.

మైమూనా పాత పంచె రెండుగా చింపి పట్టుకొచ్చింది. తుప్పు పట్టిన ఇనుము చలికి అరచేతుల్ని కోస్తుందని లస్కర్లు గుడ్డ చుట్టుకోవడం మామూలే, ఎవరూ వింతగా చూడరు. చక్రం దగ్గరికి వచ్చి ఆయన చేతుల్ని పిడి మీద పెట్టి, పిడినీ మణికట్లనీ కలిపి చుట్టేసింది. పడవవాళ్ళకి రెండు ముళ్ళున్నాయి. లాగినకొద్దీ బిగిసేది ఒకటి. మీద బరువు పడితే మెల్లగా వదులై, దానంతట అదే వీడిపోయేది ఒకటి. పైకి రెండూ ఒకలాగే ఉంటాయి. ఏ ముడి వేశావని సాహెబ్ మెల్లగా అడిగాడు. ఆవిడ వినపడనట్టు తల దించుకుని వెళ్ళి గట్టు మీద నిలబడింది.

బిగిసే ముడి అయితే ఉద్యోగం నిలుస్తుంది. పట్టు తప్పితే మాత్రం పిడితో పాటు చేతులూ పోతాయి. వీడే ముడి అయితే చేతులు దక్కుతాయి, ఉద్యోగం దక్కదు. తన పెళ్ళాం ఏది కోరుకుందో ఆయనకి తెలియలేదు. ఏది కోరుకుని ఉంటే తనకి బాగుంటుందో అదీ తెలియలేదు.

సరిగ్గా ఆరింటికి ఓవర్సీరు గారు వచ్చారు. బాబూరావు పడవ తొట్టిలో ఉంది. ఆయన చెయ్యి ఊపగానే సాహెబ్ నడుం బిగించి తిప్పడం మొదలెట్టాడు. చేతులతో కాదు, భుజాలతో తిప్పాడు. నొప్పి మోచేతుల దాకా ఎక్కింది. కొక్కెం ఒక్కో పన్నూ దాటి టక్కుటక్కుమంటోంది. ఇరవై రెండు చుట్లు. పలక లేచింది, నీళ్ళు పోయాయి, పడవ కిందికి దిగింది.

ఓవర్సీరు గారి మొహం విప్పారింది. ఇంత బాగా తిప్పేవాడి మీదా ఆ కాగితం అన్నారు. ఆకాశరామన్న అర్జీ జేబులోంచి తీసి, దాని వెనకాలే, లస్కరు పనికి తగినవాడేనని పెన్సిలుతో రాయడం మొదలెట్టారు. రాస్తూనే, దించెయ్యమన్నారు.

సాహెబ్ కాలితో కొక్కెం తన్ని పక్కకి పడేశాడు. బరువు దిగింది. మొదటి చుట్టు నిలిచింది. రెండోదీ నిలిచింది. అప్పుడు ఓవర్సీరు గారికి చక్రం పళ్ళు అరిగాయో లేదో చూడాలనిపించింది. కాగితం అరచేతిలో పెట్టుకుని, సరిగ్గా ఆ రోజు గెడ ఆనించి ఉన్నచోట వంగారు.

పడేసిన కొక్కేన్ని మళ్ళీ వెయ్యాలంటే చెయ్యి కావాలి. రెండు చేతులూ కట్టి ఉన్నాయి. సాహెబ్ ఆయన్ని దూరంగా జరగమన్నాడు. నువ్వు దించవయ్యా, నేను చూస్తున్నాలే అని ఆయన ఇంకా ముందుకి వంగారు. కుడి మణికట్టు దగ్గర గుడ్డ కదిలింది. బిగుస్తోందో వీడుతోందో తిమ్మిరెక్కిన చేతికి తెలియలేదు. తెలిసింది గట్టు మీదున్న మనిషికే. ఏ ముడి వేసిందో ఆవిడకి కదా తెలుసు.

మైమూనా కుడిచేయి ముందుకి చాచుకుని, బొటనవేలు పైకెత్తి పరుగెత్తుకొచ్చింది.

"అయ్యా, ఆ వేలిముద్ర నాదండీ. ఇటొచ్చి చూడండి."

ఓవర్సీరు గారు ఉలిక్కిపడి లేచి, ఆవిడ వైపు రెండు అడుగులు వేశారు. ఆ రెండో అడుగు నేల మీద పడుతుండగా ముడి వీడింది. పిడి గిర్రున తిరిగి గాలిని కోసింది. పలక ధన్‌మని అడుక్కి పడింది. గట్టు కదిలినట్టయింది, కాలవలో నీళ్ళు లేచి అందరి కాళ్ళూ తడిపాయి.

చక్రం ఆగింది. సాహెబ్ చేతులు రెండూ ఖాళీగా, గుడ్డపేలికలు వేలాడుతూ, ఒక్క గీత కూడా పడకుండా ఆయన ముందే ఉన్నాయి. ఆయన వాటి వంక చూసుకుని, మైమూనా వంక చూశాడు. ఆవిడ ఇంకా బొటనవేలు ఎత్తిపట్టుకునే ఉంది. ఓవర్సీరు గారు తాను వంగినచోటు వంక ఒకసారి చూశారు, పిడి వంక ఒకసారి చూశారు. తర్వాత అరచేతిలో కాగితం సరిచేసుకుని, సగం రాసిన వాక్యం మీద పెన్సిలు పెట్టారు.